గొర్రెల మంద దగ్గర గాలి మిషన్

తాండూరులో దిగాల్సిన నేను కళ్ళు తెరిచేసరికి స్టేషన్ బోర్డు మీద కన్నడ అక్షరాలు కనిపించాయి. రైలు రాష్ట్రం దాటేసింది. ఎదురు సీట్లో ఉన్న పెద్దాయన నా మొహం చూసి నవ్వి, "తాండూరు హోయ్తమ్మా" అన్నాడు. నాకు కన్నడ సరిగ్గా రాదు. తాండూరు పోయిందన్న సంగతి మాత్రం బాగానే అర్థమైంది.

మేముండేది వికారాబాద్‌లో. తాండూరులో బండలు పాలిష్ పట్టే ఒక యూనిట్ ఆఫీసులో నా ఉద్యోగం. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వస్తాను. అలా దాటిపోవడం అదే మొదటిసారి కాదు. రోజూ నాతో వచ్చే ఆడవాళ్ళు ఉంటే నన్ను భుజం పట్టి కుదిపి లేపేవాళ్ళు. ఆ రోజు వాళ్ళెవరూ రాలేదు. ఆఫీసులో కూడా ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కునుకు తీసేదాన్ని. రాత్రంతా పడుకుని లేచినా, మధ్యలో ఎవరో నా నిద్రంతా ఎత్తుకుపోయినట్టు ఉండేది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆయన నవ్వలేదు.

"నువ్వు గురక పెడ్తవు, అది నాకు అలవాటే," అన్నాడు. "గని నడుమ నడుమ ఊపిరి ఆగుతున్నది. గా చప్పుడు ఆగంగనే నేను లేచి కూసుంటున్న. మళ్ళ నువ్వు గట్టిగ ఊపిరి తీసేదాంక నాకు పానం పానంల ఉంటలేదు. నీకు చెప్తె భయపడ్తవని ఊకున్న."

ఆడదాన్ని గురక పెడతానని ఒప్పుకోవడానికే నాకు సిగ్గు. ఊపిరి ఆగుతోందంటే ఇక సిగ్గుపడే సమయం లేదు. హైదరాబాద్ వెళ్ళి ఒక రాత్రి ఆస్పత్రిలో తలకూ ఛాతీకీ కాళ్ళకూ వైర్లు తగిలించుకుని పడుకున్నాను. పొద్దున డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. నిద్రలో నా గొంతు వదులై గాలి వెళ్ళే దారి మూసుకుపోతోంది. ఊపిరి అందక మెదడు నన్ను లేపుతోంది. రాత్రంతా అలా లేస్తూనే ఉన్నాను, నాకు తెలియదంతే. ఆ జబ్బు పేరు స్లీప్ అప్నియా. దానికి మందుబిళ్ళ లేదు, మిషన్ ఉంది. చెప్పుల డబ్బా అంత ఉంటుంది. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు పెట్టుకునే మాస్కు. అది రాత్రంతా మెల్లగా గాలిని లోపలికి తోస్తూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది.

మొదటి రెండు రాత్రులు మాస్కు పీకి పారేశాను. మూడో పొద్దున లేచి మంచం మీద కూర్చుంటే, ఏదో తేడాగా ఉంది. తల బరువు లేదు. కళ్ళ వెనక ఎప్పుడూ ఉండే ఆ ముసురు లేదు. ఆ రోజు రైల్లో వికారాబాద్ నుంచి తాండూరు దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పచ్చటి కంది చేలు, రాతి గనుల పక్కన పేర్చిన బండల గుట్టలు, పట్టాల పక్కన మేకలు. ఏళ్ళుగా అదే దారిలో తిరుగుతున్నా, ఆ దారిని చూసింది ఆ రోజే అనిపించింది.

అంత మేలు చేసిన మిషన్‌కు ఒకే ఒక్క లోపం ఉంది. దానికి గోడకున్న ప్లగ్గు కావాలి. ఎండాకాలంలో గాలివాన వచ్చి కరెంటు పోతే మాస్కులో గాలి ఆగిపోయి ఉక్కిరిబిక్కిరై లేచేదాన్ని. ఇంటికి ఇన్వర్టర్ పెట్టించాక ఆ బాధ తప్పింది. కానీ ఇల్లు దాటి ఎక్కడా పడుకోలేను. పెళ్ళిళ్ళకు వెళ్ళినా చీకటి పడకముందే తిరుగు ప్రయాణం.

అలాంటి రోజుల్లో మా అన్న నుంచి ఫోన్ వచ్చింది.

మాది తరతరాలుగా గొర్రెలు కాసే ఇల్లు. నేను చదువుకుని ఉద్యోగంలోకి వచ్చాను గానీ అన్న మందను వదల్లేదు. పంటలు కోశాక రైతులు ఎరువు కోసం తమ చేలల్లో మందను నిలుపుకుంటారు. ఒక్కో చేనులో కొన్ని రాత్రులు. అన్నా వదినా చలికాలమంతా అలా చేను నుంచి చేనుకు పోతూ ఆరుబయటే పడుకుంటారు. చిన్నప్పుడు సెలవులొస్తే నేనూ నాన్నతో వెళ్ళి గొంగడి కప్పుకుని గొర్రెల మధ్య పడుకునేదాన్ని. ఆ వాసన, ఆ వెచ్చదనం ఇప్పటికీ ఎక్కడున్నా గుర్తుపడతాను.

"మంద అనంతగిరి కింద దిగింది చెల్లె," అన్నాడు అన్న. "కంది కోసిన చేను. మీ ఇంటికి మస్తు దగ్గర. ఒక్క రాత్రి వచ్చి పండుకొని పోరాదు?"

ఏటా అడుగుతాడు, ఏటా ఏదో సాకు చెబుతాను. ఈసారి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆదివారం కాదు, పై ఆదివారం వస్త అన్నా."

ఫోన్ పెట్టేశాక మా ఆయన నా వైపు చూశాడు. "మరి మిషన్?"

"మిషన్ కూడ వస్తది," అన్నాను. ఎలా వస్తుందో నాకు తెలియదు. కానీ ఆ మాట అన్నాక ఒళ్ళంతా హుషారు పుట్టింది.

మా ఆయన వికారాబాద్‌లో ఎరువులు, విత్తనాలు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. అక్కడ మందు కొట్టే బ్యాటరీ పంపులు అమ్ముతారు, రైతులు వీపుకు తగిలించుకునేవి. ఆ సాయంత్రం ఆయన ఒక పంపు బ్యాటరీ, కారులో వాడే చిన్న ఇన్వర్టర్ ఒకటి పట్టుకొచ్చాడు. మంచం మీద అన్నీ పరిచి వైర్లు కలిపి మిషన్ ఆన్ చేశాం. గాలి బుస్సున వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. నేను మాస్కు పెట్టుకుని పడుకున్నాను. మా ఆయన టీవీలో సీరియల్ చూస్తూ కూర్చున్నాడు. సీరియల్ ఇంకా అయిపోనేలేదు, ఇన్వర్టర్ కీమని అరిచి ఆగిపోయింది.

"గీ సీరియల్ అంత సేపు కూడ రాలె," అన్నాడు దిగులుగా.

నాకు దిగులు రాలేదు. పట్టుదల వచ్చింది. మిషన్‌తో ఇచ్చిన పుస్తకం తీసి, ఎవరూ చదవని చిన్న అక్షరాలన్నీ రైల్లో పోతూ వస్తూ చదివాను. రెండు సంగతులు దొరికాయి. మిషన్‌లో గాలి తోసే ఫ్యాను నిజానికి చాలా తక్కువ కరెంటు తింటుంది. ఎక్కువ తినేది దాని వెనకాల ఉండే నీళ్ళ డబ్బా. ముక్కు ఎండిపోకుండా గాలిని తడి చేయడానికి అది నీళ్ళను వేడి చేస్తూ ఉంటుంది. ఇక రెండోది, బ్యాటరీ కరెంటును ఇన్వర్టర్‌తో ఇంటి కరెంటుగా మార్చి, మళ్ళీ అడాప్టర్‌తో మిషన్ కరెంటుగా మార్చడంలోనే సగం శక్తి దారిలో పోతోంది. బ్యాటరీ నుంచి నేరుగా మిషన్‌కు పెట్టే వైరు విడిగా దొరుకుతుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీని మిషన్‌కు కావాల్సిన ఇరవై నాలుగుకు ఆ వైరే పెంచి ఇస్తుంది.

డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాను. ఒకటి రెండు రాత్రులు నీళ్ళు లేకపోయినా పర్వాలేదని, కాస్త ముక్కు ఎండుతుందంతేనని చెప్పింది. ఎక్కడికని అడిగింది. గొర్రెల మంద దగ్గరికి అన్నాను. ఎక్కడికీ అని మళ్ళీ అడిగింది. తర్వాత, "వచ్చాక ఎలా ఉందో చెప్పండి" అంది.

వైరు వచ్చిన రోజు నేను ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చినట్టే వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంట్లో మెయిన్ ఆపేశాం. ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు, ఇంటి ఇన్వర్టర్ కూడా లేదు. నీళ్ళ డబ్బా తీసేసి, ఆ పంపు బ్యాటరీకే కొత్త వైరు, చార్జి ఎంత మిగిలిందో చూపే చిన్న మీటరు తగిలించి పడుకున్నాను.

"మీటరు చూసుకుంట కూసోండ్రి. ఎర్ర లైటు వస్తె లేపుండ్రి," అన్నాను మా ఆయనతో.

లేచేసరికి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. మిషన్ నడుస్తూనే ఉంది. మీటరు చూడాల్సిన మనిషి కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతున్నాడు. ఆయన్ని లేపి మీటరు చూపించాను. బ్యాటరీ ఇంకా దిగనేలేదు. మర్నాడు రాత్రి మళ్ళీ గోడ ప్లగ్గు ముట్టకుండా పడుకుని తెల్లారేదాకా చూశాం. ఆఖరికి కాస్త నీరసించింది గానీ ఆగలేదు. మా ఆయన దుకాణం నుంచి అదే రకం బ్యాటరీ ఇంకొకటి తెచ్చాడు. రెండూ నిండుగా చార్జి చేసి, మధ్యలో ఫ్యూజు పెట్టి జత కలిపాడు. పాత టిఫిన్ బుట్టలో వాటిని సర్ది మూత పెట్టాడు.

"ఇగ ఫికర్ లేదు," అన్నాడు. పెళ్ళినాటి నుంచి ఆయన మొహంలో అంత గర్వం నేను చూడలేదు.

అనుకున్న రోజు సాయంత్రం ఆయన నన్ను బండి మీద చేను దాకా దింపి వెళ్ళాడు. మంద అప్పుడే మేసి తిరిగొస్తోంది. దుమ్ము లేచి, ఆ దుమ్ములో ఎండ బంగారంలా పరుచుకుంది. గొర్రెలన్నీ ఒకేసారి అరుస్తుంటే తప్పిపోయిన పిల్లలు తల్లుల్ని వెతుక్కుంటూ నా కాళ్ళ మధ్యలోంచి దూరి పరుగెత్తాయి. వదిన పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి చూసిన మనిషి, నన్నెప్పుడూ బిడ్డా అనే పిలుస్తుంది.

"గా బుట్టల ఏమున్నదే బిడ్డా?"

"కరెంటు, వదినా."

తిన్నాక వల కంచె పక్కన నాకు గడ్డి పరిచి, దాని మీద గొంగడి వేశారు. నేను రాయి మీద మిషన్ పెట్టి మాస్కు తొడుక్కున్నాను. అన్న కుక్క ఒక్కసారిగా లేచి నిలబడి గుర్రుమంది.

"ఊకో, మన మనిషే," అని దాన్ని అదిలించి, అన్న వంగి నా మొహం చూశాడు. "ఏనుగు తొండం లెక్కనే ఉన్నది. గిది పెట్టుకొని ఎట్ల పండుకుంటవే?"

ఎలా పడుకున్నానో నాకే తెలియదు. మాస్కులోకి వచ్చే గాలిలో పొగ వాసన, తడి నేల వాసన, గొర్రె బొచ్చు వాసన కలిసి ఉన్నాయి. పైన చుక్కలు చూద్దామనుకున్నాను, చూడనేలేదు. తెల్లారుతుండగా ఎవరో గొట్టం పట్టి లాగుతుంటే మెలకువ వచ్చింది. చూస్తే ఒక గొర్రెపిల్ల, గొట్టాన్ని తల్లి పొదుగనుకుని చప్పరిస్తోంది. పాలు రాకపోయేసరికి మూతితో పొడుస్తోంది. మాస్కులోనే పగలబడి నవ్వాను. మిషన్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. మంచు కప్పుకున్న కంది మోళ్ళ మధ్య ఆ చిన్న లైటును చూస్తే, ఏదో పెద్ద పోటీలో గెలిచినంత సంబరం కలిగింది. మా ఆయనకు ఫోన్ చేసి, "తెల్లారేదాంక నడిచింది" అన్నాను. అటు నుంచి ఆయన అరుపు వదినకు కూడా వినబడింది.

ఆఫీసుకు సెలవు చెప్పి, సాయంత్రం దాకా ఉండి వెళ్తానన్నాను. మధ్యాహ్నం ఎండకు మంద చింతచెట్టు నీడన పడుకుంది. అన్న కూడా తువ్వాలు తల కింద పెట్టుకుని వాలాడు. చూస్తుండగానే గురక మొదలైంది. నేను వదినతో మాట్లాడుతూ ఉన్నాను. ఉన్నట్టుండి గురక ఆగింది. నా మాట కూడా ఆగిపోయింది.

అన్న కడుపు ఎగసి పడుతోంది. నోరు తెరుచుకునే ఉంది. గాలి మాత్రం వెళ్ళడం లేదు. కాసేపటికి గొంతులో ఏదో తెగినట్టు పెద్దగా ఊపిరి పీల్చి, పక్కకు ఒత్తిగిలి మళ్ళీ గురక మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగాడు. నా గురించి మా ఆయన చెప్పిందంతా అక్కడ, పట్టపగలు, నా కళ్ళ ముందు జరుగుతోంది.

"వదినా, అన్న రోజు గిట్లనే పండుతడా?"

"ఎన్నేండ్ల సంది గట్లనే. దినమంత నడిచి అలసిపోతడు గద," అంది వదిన. తర్వాత గొంతు తగ్గించి, "ఈ నడుమ కట్టెకు ఆనుకొని నిలబడే పండుతున్నడు బిడ్డా. మొన్న బండి మీంచి పడ్డడు. వయసు వడ్తున్నది అంటడు," అంది.

నేను ఫోన్ తీసి అన్నను వీడియో తీశాను. లేచాక చూపించాను. మొదట నవ్వుతూ చూశాడు. ఊపిరి ఆగిన చోట నవ్వు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు.

"గిది నేనేనా?"

"నువ్వే అన్నా. నాది గూడ గిట్లనే ఉంటుండె. రైల్ల పండి తాండూరు దాటి పోతుంటిని. నీకు గూడ మిషన్ కావాలె."

అన్న ఫోన్ నా చేతిలో పెట్టి మందవైపు చూశాడు.

"నాకాడ కరెంటేడిదే? ఏడాదిల సగం గీ చేన్లల్లనే పండుత."

"నిన్న రాత్రి నాకేడిది అన్నా?"

అన్న లేచి వెళ్ళి టిఫిన్ బుట్ట మూత తీసి, లోపలి బ్యాటరీలను చాలాసేపు చూశాడు.

హైదరాబాద్‌లో పరీక్షకు అన్నను ఒప్పించడం కష్టం కాలేదు. మందను ఎవరు చూస్తారన్నదే చిక్కు. చివరికి ఆ రాత్రి వదినకు తోడుగా మా ఆయన వెళ్ళాడు. పుట్టాక ఎప్పుడూ గొర్రెను ముట్టని మనిషి. మర్నాడు పొద్దున మేము ఆస్పత్రిలో ఉండగానే ఫోన్ చేసి, "మీ అన్నకు చెప్పు, అన్ని ఉన్నయి. ఒకటి నా చెప్పు నమిలింది," అన్నాడు. ఆ మాట చెప్పగానే అన్న పగలబడి నవ్వాడు. అతని ఒంటికి అంటించిన వైర్లు విప్పుతున్న నర్సు, ఎందుకు నవ్వుతున్నాడో తెలియక తనూ నవ్వింది.

డాక్టరమ్మ అన్న కాగితాలు చూసి నా కంటే ఎక్కువగా ఉందని చెప్పింది. అన్నకు ఎంత గాలి కావాలో చూసి మిషన్ రాసిచ్చింది. ఇక అసలు పని మొదలైంది. నాది ఒక్క రాత్రి ముచ్చట, అన్నది ప్రతి రాత్రి అవసరం. మా ఆయనా నేనూ ఆ చలికాలమంతా దాని మీదే ఉన్నాం. సామాను మోసే ట్రాలీ ఆటో అన్నకు ముందే ఉంది. దాని పైకప్పు మీద సోలార్ పలక బిగించాం. పగలంతా ఎండకు పెద్ద బ్యాటరీ నిండుతుంది, రాత్రి మిషన్ నడుస్తుంది. మొదటి వారం గొర్రెల దుమ్ముకు మిషన్ గాలి పీల్చుకునే చోట ఉండే జాలి మూసుకుపోయింది. అప్పటి నుంచి వదిన దానికి పల్చటి గుడ్డ కడుతోంది, జాలి తరచుగా మారుస్తోంది. మబ్బు పట్టి ఎండ రాకపోతే ఎలాగన్న భయం కూడా తీరింది. రెండో బ్యాటరీ ఒకటి పెట్టుకుని, దాన్ని రోడ్డు మీది చాయ్ హోటల్లో చార్జింగ్‌కు ఇస్తున్నాడు అన్న. హోటల్ ఆయన పొద్దున్నే ఫోన్ చేసి, "నీ నిద్ర నిండింది, వచ్చి తీస్కపో" అంటాడట.

మిషన్ పెట్టుకున్న కొత్తలో వదినకు నిద్ర పట్టలేదు. గురక వినబడక పోయేసరికి అన్న పక్కన ఉన్నాడో లేడో అని చేత్తో తడుముకునేదట. అన్నకు మాత్రం వారం తిరక్కముందే మొహం మారింది. "చెల్లె, నడుస్తుంటె కాళ్ళు తేలికగున్నయి. చేను ఆ కొసకు ఉన్న గొర్రె కుంటుతున్నదో లేదో ఈడికెళ్ళి కనవడ్తున్నది," అని ఫోన్‌లో చెప్పాడు. ఆ మాట వింటుంటే నాకు కడుపు నిండిపోయింది.

ఈ చలికాలం మంద పరిగి వైపు దిగింది. నేనూ నా మిషన్ పట్టుకుని వెళ్ళాను. రెండు మిషన్లూ ఒకే పలక కింద నిండిన బ్యాటరీల మీద నడిచాయి. పొద్దున లేచి మాస్కులు కడిగి ఆటోకు కట్టిన తాడు మీద ఆరేశాం. చేను రైతు వచ్చి వాటిని చూసి, గొర్రెలకు మందు పట్టే సామానా అని అడిగాడు. అన్న చాయ్ గ్లాసు పక్కన పెట్టి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు ఎలా మూసుకుపోతుందో, మనిషికి ఎలా తెలియదో, గాలి ఎలా తెరుస్తుందో. రైతు వింటూ వింటూ మెల్లగా బండ మీద కూర్చున్నాడు.

"మా ఇంటామె గూడ నా గురించి గిదే చెప్తున్నది," అన్నాడు. "నేనే పట్టించుకుంటలేను."

అన్న నా వైపు తిరిగాడు. "చెల్లె, జర ఇంకో చాయ్ పొయ్యమను మీ వదినను," అని, తన ఫోన్ తీసి, అప్పట్లో చింతచెట్టు కింద నేను తీసి పంపిన వీడియో వెతకడం మొదలుపెట్టాడు.